ఇంట్ల మందు సంగతి ఎట్ల అడగాలె?

తమ్మీ, మీది అహేరి దిక్కు అన్నవు, మాది సిరొంచ. డాక్టరు ఫారంల ‘ఇంట్ల ఎవరికన్న మద్యం అలవాటు ఉందా’ అన్న కాడ ఖాళీ వదిలిన, ఇంటికి ఫోన్ చేసి ఎట్ల అడగాలె అని కదా నీ రంది. నువ్వు నయం. నేను 2003ల షికాగోల దిగంగనే ‘లేదు’ అని రాసిచ్చిన. మా మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి మద్యనిషేధమాయె, ఇంక మా ఇంట్ల ఎట్లుంటదని! బాపు పడవల గోదారి దాటి కాళేశ్వరం దిక్కు పోయి తాగొచ్చుడు, ఇప్పసారా సీస వడ్ల గుమ్మిల దాచుడు నేను చూడనట్టే.

మొదటి చలికాలం నాలుగున్నరకే చీకటి. గదిల ఒక్కన్నే. శుక్రవారం రెండు పెగ్గులు, సంక్రాంతి దాకా వచ్చేసరికి రోజూ నాలుగు. దావత్‌ల అందరు వాంతులు చేసుకుంటె నేను గిన్నెలు కడుగుతుంటి, అదో గొప్ప. మా తాతకు గూడ అదే పేరు, ఎంత తాగినా అడుగు తప్పడని. జల్ది ఎక్కకపోవుడే ప్రమాదానికి గుర్తని చానా ఏండ్లకు తెలిసింది. ఒళ్లు ఆపదు, చెయ్యి ఆగదు.

భయమై అవ్వకు ఫోన్ కొట్టిన. అప్పుడు ఫోన్ కిరాణా దుకాణంల. లైను సరిగ లేక అవ్వ నా మాటనే గట్టిగ తిరిగి అన్నది: “మనింట్ల తాగుబోతులు ఎంతమందా?” దుకాణమంత విన్నది. చెల్లెకు సంబంధం చూస్తున్నది ఆ దుకాణపాయనే. మూడు నెలలు అవ్వ మాట్లాడలే.

2010 డిసెంబరుల ప్రాణహిత పుష్కరాలకు పోయిన. పిండం పెట్టేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు చెప్పమంటడు కదా. ఒడ్డు మీదికి వచ్చినంక కాకను పక్కకు పిలిచి, వీళ్లంత ఎట్ల పోయిండ్రు అని మాత్రమే అడిగిన. బాపు సంగతి ఎరికే.

“తాత కామెర్లతోటి.”

“ముత్తాత?”

“ఆయనవి గూడ కామెర్లే.” కొంచెంసేపు నీళ్ల దిక్కు చూసిండు. “కామెర్లంటె ఏందో సదువుకున్నోనివి నీకు తెల్వదారా?”

అట్ల అడుగు. అవ్వ కంటె ముందు కాకనో మేనత్తనో, ఒక్కరిని, వేరే చెవి లేని జాగల. ‘డాక్టరు నా కోసం అడుగుతున్నడు’ అను. ‘నువ్వు తాగుతున్నవా’ అని ఎదురు అడుగుతరు, నిజం చెప్పెటందుకు తయారుండు. తండ్రిని చూసి చెడిపోయిండు అంటరు మనోళ్లు. డెన్మార్క్‌ల పసితనంలనే దత్తత పోయిన మగపిల్లలను చూసి 1973ల లెక్క తేల్చిండ్రు: కన్నోళ్లకు తాగుడు జబ్బుంటె, వేరే ఇంట్ల పెరిగిన కొడుకులకు గూడ అది వచ్చుడు దాదాపు నాలుగింతలు. మొత్తంల సగం దాక రక్తంల వస్తదట. కడమ సగం నన్నడిగితే ఆ ఒంటరి గదే.

తాగి బండి నడిపితే వీసాకు ఏమైతదో కాన్సులేట్ సైటుల చూసుకో. రోజూ బాగ తాగేటోళ్లు ఒక్కసారి బంద్ చేస్తె ఫిట్స్ రావచ్చు, డాక్టరుకు చెప్పే మానాలె. నేను అట్లనే మానిన, 2011 ఉగాది నుంచి చుక్క ముట్టలే. ఇల్లు కొన్న, చెల్లె పెండ్లి నేనే చేసిన. మీకు వీడియో కాల్ ఉంది, ఆ పాటి గూడ లేకుండె మాకు. అయినా ఫోన్ పెట్టేసినంక గది గదే కదా.

ఇంతకు ఈ శుక్రవారం రాత్రి అన్నం ఎవరితోటి తింటవు? అది రాయలేదు నువ్వు.