తోట మూడు వాటాలా, నాలుగా?

అన్నగారూ, మొదటి భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్నారు. అమలాపురం దగ్గరి పిత్రార్జితపు కొబ్బరి తోటను మీతో కలిపి మూడు వాటాలే వేయమని ఎదిగిన కొడుకులిద్దరూ పట్టుబడుతున్నారు, ఈ పెళ్లిలో పుట్టిన ఆరేళ్ల పాపకు ఏమీ లేదంటున్నారు. ఆ లెక్క చెల్లదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో పిత్రార్జితంలో కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు ఉంది, కాబట్టి నాలుగు వాటాలు. చిన్నపిల్ల అన్నది వట్టి సాకు.

పంచాక పాప వాటాను మీరే చూసుకోవచ్చు కానీ, అమ్మాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. ఇది కొడుకులకు ముందే చెప్పండి. రేపు మీరు దాన్ని ఎవరి చేతిలోనో పెట్టేస్తారన్న అనుమానమే సగం గొడవకు మూలం అయి ఉంటుంది.

స్వార్జితం మీ ఇష్టం. పెద్దవాళ్లను చదివించారు కదా, పాప చదువుకూ అందులోంచే తీయండి. పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో ఆడపిల్లల కోసం ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతా తెరవండి, ఏడాదికి కనీసం 250 రూపాయలు చాలు.

వియ్యంకుల ఎదుట మాత్రం ఈ మాట ఎత్తకండి. కొబ్బరికాయల దింపు డబ్బు చేతికొచ్చిన రోజున కొడుకులిద్దరితోనే కూర్చోండి.