టెక్ సందేహాలు: వంటగదిలో పాడిన బ్లూస్‌కు ఏ మైకు కావాలి?

ప్రశ్న: కొంతకాలంగా అమెరికా పాత కంట్రీ బ్లూస్ (దక్షిణాది నల్లజాతి పల్లెల గిటార్ పాటలు) వింటున్నాను. స్టూడియోలో బ్యాండుతో చేసిన వాటికంటే ఎవరి ఇంట్లోనో ఒక్క గిటార్‌తో తీసినవే నన్ను కదలనివ్వడం లేదు. వెనక కుర్చీ కిర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు. అయినా అవే బాగుంటాయి. ఇది నా భ్రమా, సాంకేతిక కారణం ఏమైనా ఉందా?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: భ్రమ కాదు. కంట్రీ బ్లూస్ వాయించే పద్ధతిలోనే కారణం ఉంది. బొటనవేలు లావు తీగల మీద తాళం నడుపుతూ ఉంటుంది. మిగిలిన వేళ్లు సన్నని తీగల మీద పాటకు బదులు చెబుతాయి. చాలాసార్లు గాయకుడు మాటను సగంలో వదిలేసి మిగతా సగం తీగతో పలికిస్తాడు. గొంతు ఎంత వినిపించాలో, గిటార్ ఎంత వినిపించాలో పాడుతున్నప్పుడే ఆయన తేల్చేసుకుంటాడు. ఆ రెంటినీ వేర్వేరు మైకులతో పట్టి, తరువాత మరొకరు సరిచూసి కలిపితే ఆ నిర్ణయం గాయకుడి చేయి దాటిపోతుంది. ఇంట్లో ఒకే మైకు ముందు కూర్చుంటే దాటదు.

1959 జనవరిలో బ్లూస్ చరిత్రకారుడు శామ్యూల్ చార్టర్స్ టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ అద్దెకుంటున్న గదికి వెళ్లి, ఒకే మైకుతో ఒక ఆల్బమ్‌కు సరిపడా రికార్డు చేశాడు. ఆ మైకును చేత్తో పట్టుకుని గొంతుకూ గిటార్‌కూ మధ్య జరుపుతూ కూర్చున్నాడు. హాప్కిన్స్ ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టే పాడాడు, ఎందుకంటే ఎదురుగా నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. మరుసటి ఏడాది టెక్సస్‌లోనే నావసోటా అనే చిన్న ఊళ్లో మాన్స్ లిప్స్‌కోంబ్‌ను ఆయన ఇంట్లోనే రికార్డు చేశారు. అప్పటికి ఆయన వయసు 65. జీవితమంతా కౌలు సేద్యం చేసి, శనివారం రాత్రుళ్లు ఊరివాళ్ల నృత్యాలకు వాయించిన మనిషి, అంతకుముందు ఒక్క రికార్డు కూడా చేయలేదు. ఆ టేపులే ఆర్హూలీ అనే రికార్డుల సంస్థ మొదటి ఎల్‌పీ అయ్యాయి. తొలి విడత 250 ప్రతులు.

పాట నిడివి కూడా మరో కారణం. 1920లు, 30లలో 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేది. పాట ఎంత ఊపులో ఉన్నా అక్కడ ముగించాల్సిందే. టేపు వచ్చాక ఆ గడియారం పోయింది. పాడేవాడు మధ్యలో ఆగి కథ చెప్పవచ్చు, శ్రుతి సరిచేసుకోవచ్చు, బాగున్న చోట మరో రెండు చరణాలు కలపవచ్చు.

అయితే గరగరే అందమనుకునేవారితో నేను ఏకీభవించను. 1959 సెప్టెంబరులో మిసిసిపీలోని కోమో దగ్గర ఫ్రెడ్ మెక్‌డోవెల్‌ను రికార్డు చేసినప్పుడు జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ వెంట తెచ్చుకున్నది స్టీరియో టేపు రికార్డర్, ఆ రోజుల్లో క్షేత్రానికి మోసుకెళ్లగలిగిన వాటిలో మేలైన పరికరం. పగలంతా పత్తి ఏరి వచ్చిన మెక్‌డోవెల్ స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చుతూ వాయించేది) అందుకున్నాడు. పక్కన ఫ్యానీ డేవిస్ దువ్వెనకు కాగితం చుట్టి పెదాలకు ఆనించి ఊదింది. దువ్వెన మీద కాగితం అదరడం కూడా ఆ టేపులో స్పష్టంగా వినిపిస్తుంది. తీరుబడి అంతా మనుషుల్లో ఉంది, రికార్డు చేసినవాడి పనిలో ఏ మాత్రం లేదు. మీరు ఇంట్లో రికార్డు చేసినా గుర్తుంచుకోవాల్సింది అదే.

ప్రశ్న: ఫోనులో గిటార్ రికార్డు చేస్తే మొదటి స్వరం గట్టిగా వచ్చి, తరువాత ఎవరో మింగేసినట్టు అయిపోతోంది. పాడటం ఆపగానే గది శబ్దం ఉప్పొంగుతోంది. మంచి మైకు కొనాలా?
– వరంగల్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడే కొనకండి. తప్పు మైకుది కాదు, దాని వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్‌ది. ఫోను మనిషి మాట కోసం తయారైంది. గట్టి శబ్దం రాగానే స్థాయి తగ్గిస్తుంది, నిశ్శబ్దం రాగానే పెంచుతుంది. మారకుండా సాగే ప్రతి శబ్దాన్నీ ఫ్యాను హోరుగా భావించి చెరిపేస్తుంది. మీటిన తీగ మెల్లగా ఆరిపోయే తోక దానికి సరిగ్గా అలాంటి హోరులాగే కనబడుతుంది. అందుకే మీ స్వరాలు మొండిగా తెగిపోతున్నాయి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో సంగీతం రికార్డు చేయకండి, అది ధ్వనిని మరీ కుదించేస్తుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో వాయిస్ మెమోస్ తెరిచి, ఆడియో క్వాలిటీ దగ్గర లాస్‌లెస్ (ధ్వనిలో ఏదీ పోనివ్వనిది) ఎంచుకోండి. రికార్డు చేశాక ఎన్‌హాన్స్ అనే బొమ్మను ముట్టుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో ఆటో గెయిన్‌నూ (స్థాయిని తానే మార్చడం), నాయిస్ సప్రెషన్‌నూ (హోరు చెరపడం) ఆపే సదుపాయం ఉన్న రికార్డర్ యాప్ వెతకండి. కొన్నింటిలో అన్‌ప్రాసెస్డ్ అనే మైకు ఎంపిక ఉంటుంది, అది దొరికితే మరీ మంచిది. ఫైలు వేవ్ రకంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఉంచండి. మోనోలో నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే అవుతుంది.

ఇక చోటు విషయం, ఇది యాప్ కంటే ముఖ్యం. ఫోనును గిటార్ రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్మనే మోత తప్ప ఏమీ రాదు. మెడ మీద 12వ ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు గీత) వైపు చూసేలా, మీ ఛాతీ ఎత్తులో, రెండు మూడు అడుగుల దూరంలో నిలబెట్టండి. గొంతు ఎక్కువైతే కొంచెం కిందికి, గిటార్ ఎక్కువైతే కొంచెం పైకి జరపండి. ఈ ఒక్క సర్దుబాటుకు అరగంట పట్టినా విసుక్కోవద్దు. మెక్‌డోవెల్ వంటివారు చెక్క ఇళ్లలో, తెరిచి ఉన్న వరండాల్లో వాయించారు. మన ఇళ్లలో సిమెంటు గోడలు, నున్నటి టైల్స్. ధ్వని గోడలకు కొట్టుకుని డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడకగది మేలు. ఫోను కింద మడిచిన దుప్పటి వేయండి, కాలితో తాళం వేసినప్పుడు అదురు ఫోనుకు ఎక్కదు. కాలి చప్పుడును మాత్రం ఆపకండి, ఈ సంగీతంలో డ్రమ్ము అదే.

ఇంతా చేశాక కూడా తృప్తి లేకపోతే, జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ కొనండి. స్థాయి సరిచేసే పని ఉండదు, గట్టిగా మీటినప్పుడు ధ్వని పగలదు.

ప్రశ్న: రికార్డింగ్‌లో సన్నని హమ్ వస్తోంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తే గిటార్ కూడా పాడవుతోంది. ఏఐతో శుభ్రం చేయవచ్చా?
– విశాఖపట్నం నుంచి

జవాబు: మాటల స్పష్టత కోసం తయారైన ఏఐ సాధనాలకు ఇవ్వకండి. వాటి లెక్కలో గొంతు తప్ప మిగతాదంతా చెత్తే. మీ గిటారే పోతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. హమ్ 50 దగ్గరా, దాని రెట్టింపు 100 దగ్గరా ఉంటుంది. మామూలు శ్రుతిలో గిటార్ అన్నిటికంటే కింది స్వరం 82 హెర్ట్జ్, కాబట్టి 50 దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క చోటే కోసేది) వేస్తే నష్టం లేదు. 100 దగ్గర మాత్రం జాగ్రత్త. లావు తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. అక్కడ వెడల్పుగా కోస్తే బొటనవేలు నడిపే తాళంలో ఒక మెట్టు మాయమవుతుంది. మీకు జరిగింది బహుశా అదే. నాయిస్ రిడక్షన్ తప్పదనుకుంటే ఆరు డెసిబెళ్లు దాటనివ్వకండి. అన్నిటికంటే ముందు ఛార్జర్ తీసేసి, ట్యూబులైటు ఆర్పి మళ్లీ వాయించండి. చాలామందికి సమస్య అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: నేను ఆస్టిన్‌లో ఉంటాను. నాకు బ్లూస్ నేర్పిన పెద్దాయన 1980లలో తన ఇంట్లో పాఠాలు చెబుతూ వాయించిన క్యాసెట్లు నా దగ్గర ఉన్నాయి. డిజిటల్‌గా మార్చడం ఎలా?
– టెక్సస్ నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: ఈ పని వాయిదా వేయకండి. అంధ గిటారిస్టు రెవరెండ్ గ్యారీ డేవిస్ న్యూయార్క్‌లో ఇంటి దగ్గర శిష్యులకు నేర్పేవాడు. స్టెఫాన్ గ్రాస్‌మన్ వంటి శిష్యులు టేపు రికార్డర్ తెచ్చుకున్నందువల్లే ఆ గదిలో మోగినది ఇవాళ మనకు మిగిలింది.

చవకగా దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు వద్దు, వాటి వేగం నిలకడగా ఉండదు. మంచి పాత క్యాసెట్ డెక్ సంపాదించి, టేపు చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (ధ్వనిని కంప్యూటర్‌కు అందించే పెట్టె) కలపండి. లాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టకండి. డాల్బీతో (టేపు సొద తగ్గించే పద్ధతి) రికార్డు చేసిన క్యాసెట్ అయితే తప్ప డెక్‌లో డాల్బీ ఆపేయండి.

వేగం సరైనదో కాదో గిటార్ శ్రుతిని బట్టి తేల్చకండి. ఒంటరిగా వాయించేవాళ్లు తమ గొంతుకు తగినట్టు తీగలు బిగించుకుంటారు, సగం స్వరం కిందికో పైకో ఉండటం మామూలే. దానికి బదులు టేపులోని హమ్ చూడండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. ఆడాసిటీ స్పెక్ట్రమ్‌లో అది 61.5 దగ్గర కనిపిస్తే టేపు రెండున్నర శాతం వేగంగా నడుస్తోందన్నమాట. టేపు ఆపినా హమ్ వినిపిస్తుంటే అది మీ డెక్‌ది, లెక్కలోకి తీసుకోకండి. అసలు ప్రతిలో ఏదీ చెరపవద్దు. హమ్ ఉండాలి, ఆయన మాటలూ ఉండాలి. వినడానికి కావాలంటే శుభ్రం చేసిన ప్రతి వేరుగా పెట్టుకోండి.

ప్రశ్న: పైన చెప్పినలాంటివి ఎక్కడ వినవచ్చు?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

జవాబు: లోమాక్స్ 1959 దక్షిణ రాష్ట్రాల యాత్ర టేపులు అసోసియేషన్ ఫర్ కల్చరల్ ఈక్విటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వినవచ్చు. ఆర్హూలీ రికార్డులు 2016 నుంచి స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ చేతిలో ఉన్నాయి. 1941లో మిసిసిపీలోని లేక్ కార్మొరంట్‌లో ఒక దుకాణంలో అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం బ్లూస్ గాయకుడు సన్ హౌస్‌ను రికార్డు చేశారు. అది దొరికితే హెడ్‌ఫోన్స్‌తో వినండి, పాట నడుస్తుండగా పక్కనుంచి రైలు వెళ్తుంది. బ్లూటూత్ స్పీకర్లో బేస్ పెంచే మీట ఉంటే ఆపేయండి. ఉచితంగా వినగలిగినంత మాత్రాన మీ వీడియోల్లో వాడుకోవడానికి అనుమతి ఉన్నట్టు కాదు, దానికి హక్కుదారులను విడిగా అడగాలి.