జంట పదాలను జంటగా నేర్చుకోకండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఆఫీసు పనిలో రోజూ ఇంగ్లీషులో మెయిల్స్ రాయాల్సి ఉంటుంది. అఫెక్ట్–ఎఫెక్ట్, లూస్–లూజ్, అడ్వైస్–అడ్వైజ్, బారో–లెండ్... ఇలాంటి పదాల లిస్టు ఒకటి గోడకు అంటించుకుని బట్టీ పట్టాను. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. తీరా రాయడానికి కూర్చుంటే ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్. మొన్న 'రేపటికల్లా పంపుతాను' అనడానికి 'టిల్ టుమారో' అని రాశాను, అవతలివాళ్లకు అర్థం కాలేదు. నా జ్ఞాపకశక్తిలోనే లోపం ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదమ్మా. తికమక పెడుతున్నది ఆ లిస్టే. ముందు దాన్ని గోడ మీంచి తీసేయండి.

ఒకేలా ఉండే రెండు కొత్త పదాలను పక్కపక్కన పెట్టి ఒకేసారి చదివితే అవి మనసులో కలిసిపోతాయి. ఒకటి కావాలని వెతికితే రెండూ వస్తాయి. పదాలు ఎలా నేర్పాలన్న దానిపై ఎంతో పనిచేసిన న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ కూడా 2000లో రాసిన ఒక వ్యాసంలో దీని గురించే హెచ్చరించారు. దగ్గరి సంబంధమున్న పదాలను ఒకే పాఠంలో కాక, వేరువేరు సమయాల్లో నేర్పాలన్నది ఆయన సలహా. నా క్లాసుల్లో నేను చూసిందీ అదే.

కాబట్టి అఫెక్ట్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఎఫెక్ట్ ఒక్కదాన్నే పట్టుకోండి. అది మీకు సగం వచ్చినదే. 'సైడ్ ఎఫెక్ట్' అన్న మాట ఎవరికి తెలియదు? అందులో ఉన్నది ఇంగ్లీషు అక్షరం 'ఈ' (e)తో మొదలయ్యే పదం, నామవాచకం. దాన్ని ఒంటరిగా కాక 'హ్యాడ్ ఎన్ ఎఫెక్ట్ ఆన్' అని మొత్తంగా నేర్చుకోండి. మీ మెయిల్స్‌లో అది తడుముకోకుండా వస్తోందని నమ్మకం కుదిరాక 'ఏ' (a)తో మొదలయ్యే అఫెక్ట్ దగ్గరికి రండి. అది క్రియ. 'ద రెయిన్ అఫెక్టెడ్ అవర్ వర్క్' అంటే చాలు, తర్వాత 'ఆన్' అక్కర్లేదు. తెలుగులో 'పని మీద ప్రభావం చూపింది' అంటాం కదా, ఆ 'మీద' మనచేత 'అఫెక్టెడ్ ఆన్' అని రాయించేస్తుంది. అక్కడ జాగ్రత్తపడాలి. ఎఫెక్ట్‌ను క్రియగా వాడే సందర్భం కూడా ఒకటుంది, 'ఎఫెక్ట్ ఎ చేంజ్' అంటే మార్పు తీసుకురావడం. అది అరుదు, ఇప్పుడే దాని జోలికి పోకండి.

లూస్, లూజ్ సంగతి వేరు. ఇక్కడ చిక్కు చెవి దగ్గర మొదలవుతుంది. 'చొక్కా లూజుగా ఉంది' అని అందరం అంటాం. నిజానికి వదులుగా ఉండడమంటే 'లూస్', స్పెల్లింగులో రెండు ఓలు. పోగొట్టుకోవడం, ఓడిపోవడం అయితే 'లూజ్', ఒకటే ఓ. రెంటినీ ఒకేలా పలికేస్తున్నాం కాబట్టి రాసేటప్పుడు చెవి సాయానికి రాదు. గొంతు మీద వేలు పెట్టి 'స్‌స్‌స్' అని సాగదీయండి, గొంతు కదలదు. నాలుకను అక్కడే ఉంచి తుమ్మెద ఝుంకారంలా గొంతు మోగించండి, వేలికి అదురు తెలుస్తుంది. పోగొట్టుకునే లూజ్ చివర ఉన్న ధ్వని అదే. అది మన 'జ' కాదు, తెలుగు లిపిలో దానికి విడిగా అక్షరం లేదు కాబట్టి 'జ' రాసి సరిపెట్టుకుంటున్నాం. అడ్వైస్‌కూ అడ్వైజ్‌కూ ఇదే తేడా. గొంతు మోగనిది సలహా, దానికి 'సి'. మోగేది సలహా ఇవ్వడం, దానికి 'ఎస్'. నాలుగు రోజులు పైకి పలికి చూడండి, స్పెల్లింగు దానంతటదే దారికొస్తుంది.

ఇక మీ 'టిల్ టుమారో'. దీనికి మందు మన తెలుగులోనే ఉంది, ఎవరూ చూపించరంతే. 'దాకా' అనాల్సిన చోట టిల్, 'కల్లా' లేదా 'లోగా' అనాల్సిన చోట బై. ఐదింటిదాకా పని చేస్తూనే ఉంటాను అంటే 'టిల్ ఫైవ్', ఐదింటికల్లా ముగిస్తాను అంటే 'బై ఫైవ్'. మీరు రాయాల్సింది 'బై టుమారో'.

సిన్స్, ఫర్ దగ్గర మాత్రం తెలుగు ఇంత సాయం చేయదు. '2020 నుంచి', 'రెండేళ్ల నుంచి' – రెంటికీ 'నుంచి' అనే అంటాం. అందుకే మెయిల్స్ నిండా 'సిన్స్ టూ ఇయర్స్' కనిపిస్తుంటుంది. మొదలైన సమయం చెబితే 'సిన్స్ 2020', గడిచిన కాలం చెబితే 'ఫర్ టూ ఇయర్స్'. 'నుంచి' తీసేసి 'రెండేళ్లుగా' అని మార్చి చూడండి. అలా కుదిరితే ఫర్. '2020గా' అనలేం, కాబట్టి అక్కడ సిన్స్.

బారో, లెండ్ కూడా పక్క పదంతో కలిపే నేర్చుకోండి. 'బారో ఫ్రమ్' ఒకరి దగ్గర తీసుకోవడం, 'లెండ్ టు' ఒకరికి ఇవ్వడం.

ప్రశ్న: మా అబ్బాయి 'ప్రాక్టీస్'ను క్రియగా వాడి, చివర 'ఎస్‌ఈ' రాశాడు. కంప్యూటర్ తప్పని ఎర్రగీత పెట్టింది. పుస్తకంలో చూస్తే మా అబ్బాయి రాసినట్టే ఉందండీ. ఏది నమ్మాలి?

జవాబు: మీ అబ్బాయి రాసింది బ్రిటిష్ పద్ధతిలో ఒప్పే. అక్కడ నామవాచకానికి 'సి', క్రియకు 'ఎస్'. అమెరికన్లు రెండింటికీ 'సి'యే రాస్తారు. కంప్యూటర్‌లో భాష అమెరికన్ ఇంగ్లీషుగా ఉండి ఉంటుంది, సెట్టింగ్స్‌లో మార్చుకోండి. ఇంకో సంగతి, ఎర్రగీత లేనంత మాత్రాన అంతా ఒప్పని అనుకోకూడదు. లూజ్ రాయాల్సిన చోట లూస్ రాసినా, అదీ నిఘంటువులో ఉన్న పదమే కాబట్టి మామూలు స్పెల్‌చెక్ పట్టుకోలేదు.

ప్రశ్న: కాగితాలూ కలాల స్టేషనరీకీ, కదలకుండా నిలబడి ఉండే స్టేషనరీకీ స్పెల్లింగు తేడా గుర్తుండడం లేదు.

జవాబు: ఒకప్పుడు ఐరోపాలో తిరుగుతూ అమ్మేవాళ్లు కాక, ఒకేచోట అంగడి పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాళ్లను స్టేషనర్లు అనేవారు. అందుకే రెండు పదాల మూలమూ ఒకటే. బేకర్ నుంచి బేకరీ వచ్చినట్టే, స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ. బేకర్‌లో ఉన్న 'ఈఆర్' దీంట్లోనూ ఉంటుంది. కదలనిదానికి 'ఏఆర్'.