బొంబాయిలో సమాజమందిరం వెతుక్కునే మేనల్లుడికి

కొత్తరెడ్డిపాలెం

చిరంజీవి మేనల్లుడికి, కోడలు పిల్లకి,

షాలోం. ఆఫీసు ఠాణేలో వేస్తారో, లోయర్ పరేల్‌లో వేస్తారో ఇంకా తేలలేదన్నావు. తేలిన రోజున ఇల్లు వెతకడానికి పరిగెత్తకు. ముందు మన యూదుల సమాజమందిరం సంగతి చూసుకో. చాలామంది ఇంటికి డిపాజిట్ కట్టేశాక మందిరం ఎంత దూరమో లెక్కేస్తారు. తీరా చూస్తే రెండు రైళ్ళు మారాలి. మొదటి నెల ప్రతి వారం వెళ్తారు, ఆ తర్వాత పండగలకు వెళ్తారు, ఏడాది తిరిగేసరికి ఇంట్లో దీపాలు వెలిగించుకుని సరిపెట్టుకుంటారు.

మన ఊళ్ళో ఈ చిక్కు లేదు. ఉన్నది ఒక్కటే మందిరం, అందరూ అందులోవాళ్ళే. బొంబాయి, ఠాణే కలిపితే తలుపులు పది దాకా ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకటే. లోపల వరసలు వేరు, రాగాలు వేరు, నిన్ను చూసే చూపు కూడా వేరు.

మందిరాల్లో ఎక్కువ భాగం సెంట్రల్ రైల్వే లైను వెంటే ఉన్నాయి. మస్జిద్ స్టేషన్ దగ్గర శామ్యూల్ స్ట్రీట్‌లో ఉన్నది షార్ హరహమీం. 1796లో మొదలైంది, ఊళ్ళో అన్నిటికన్నా పాతది. కొంకణంలో యూదులు తమ మందిరాన్ని కూడా మస్జిద్ అనే పిలిచేవారు, ఆ స్టేషన్‌కు పేరు దీన్నిబట్టే వచ్చిందని చెబుతారు. బైకుల్లాలో 1864 నాటి మాగెన్ దావీద్ ఉంది. బాగ్దాద్ నుంచి వచ్చిన వ్యాపారులు, ససూన్ కుటుంబం కట్టించింది. ఆ ఆవరణలోనే వాళ్ళ పేరు మీద బడులున్నాయి, చదివే పిల్లల్లో ముస్లింలే ఎక్కువ. జేకబ్ సర్కిల్ చుట్టుపక్కల తిఫెరెత్ ఇజ్రాయేల్, మాగెన్ హసీదిం ఉన్నాయి. వెస్టర్న్ లైనులో ఉండేవాళ్ళు మహాలక్ష్మిలో దిగి నడవొచ్చు. కుర్లాలో చిన్న ప్రార్థన హాలుంది. ఠాణేలో 1879 నాటి షార్ హషమాయిం. దక్షిణాన కాలాఘోడాలో 1884 నాటి కెనెసెత్ ఎలియాహు, కొలాబాలో నారిమన్ హౌస్. అంధేరీ, బోరివలీ వైపు ఇల్లు తీసుకుంటే ప్రతి శనివారం ప్రయాణం తప్పదు. యూదు కుటుంబాలు, పిల్లలు, ఇరుగుపొరుగు కావాలంటే నా ఓటు ఠాణేకే. ఆఫీసు దక్షిణాన పడితే మాత్రం బైకుల్లా.

విశ్రాంతిదినాన, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా, వాహనం ఎక్కకూడదన్న నియమం పెట్టుకుంటావా, పెట్టుకోవా? ఇది మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. అక్కడ చాలామంది రైల్లోనో ఆటోలోనో వస్తారు, ఎవరూ నిలదీయరు. ఎక్కనంటే మాత్రం ఇల్లు ఇరవై అయిదు నిమిషాల నడక దాటకూడదు, రెండో అంతస్తు దాటకూడదు. ఆ రోజు లిఫ్టు మీట నొక్కవు కదా, ఏడో అంతస్తు నుంచి చంటిపిల్లతో దిగి ఎక్కడం రెండు వారాలు సాగుతుందేమో, మూడో వారం సాగదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కురిసేది మామూలు వాన కాదు. నియమంగా ఉండేవాళ్ళు ఆ రోజు గొడుగు విప్పరు, గుడారం వేసినట్టని. రెయిన్‌కోటు కొనుక్కో. శుక్రవారం సంగతీ ఉంది. దీపాలు పొద్దుగూకడానికి పద్దెనిమిది నిమిషాల ముందే వెలిగించాలి. జూలైలో అక్కడ ఏడుంబావు దాటాక చీకటి పడుతుంది, నవంబరు చివర ఆరుకే. కాబట్టి చలికాలంలో నాలుగున్నరకల్లా ఆఫీసు వదలాలి. ఇది చేరిన రోజే మేనేజరుతో చెప్పుకోవాల్సిన మాట.

ఇక లోపలి తేడాలు. అక్కడ ఎక్కువమంది బెనే ఇజ్రాయేలీలు. కొంకణంలో నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం మాత్రం గానుగ ఆపేసినందుకు శనివార్ తేలీలని పేరు తెచ్చుకున్నవాళ్ళు. ప్రార్థన హెబ్రీలో, ప్రకటనలు మరాఠీలో, కొంత ఇంగ్లీషులో. ప్రార్థన వరస సెఫార్దీ వరస, అంటే స్పెయిన్, తూర్పు దేశాల యూదులది. రబ్బీ, అంటే ధర్మశాస్త్రం చదివిన గురువు, ఎక్కడ అని వెతక్కు. వాళ్ళకు తరతరాలుగా ప్రార్థన నడిపేది ఖజాన్, వ్యవహారం నడిపేది ట్రస్టీలు. ధర్మసందేహం ఖజాన్‌ని అడుగు, సభ్యత్వం సంగతి కార్యదర్శిని అడుగు. ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగితే ఇద్దరూ తల ఊపుతారు, పని మాత్రం కాదు.

మాగెన్ దావీద్, కెనెసెత్ ఎలియాహు బాగ్దాదీలవి, అంటే బాగ్దాద్ వైపు నుంచి వచ్చిన యూదులవి. తోరా చుట్టను, అంటే మోషే అయిదు పుస్తకాలు రాసిన చుట్టను, గట్టి పెట్టెలో నిలబెట్టి చదవడం వాళ్ళ పద్ధతి. ఆడవాళ్ళకు పైన గ్యాలరీ. బాగ్దాదీలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, వచ్చేవాళ్ళలో బెనే ఇజ్రాయేలీలే ఎక్కువ. కెనెసెత్ ఎలియాహును 2019లో బాగు చేసి మళ్ళీ తెరిచారు. రంగు అద్దాలు చూస్తే కళ్ళు చెదురుతాయి. ఆ అద్దాలు చూసి మాత్రం మందిరాన్ని ఎంచుకోకు. అందమైన మందిరానికి వచ్చేవాళ్ళలో సందర్శకులు చాలామంది, వచ్చే వారం వాళ్ళు కనబడరు.

బైకుల్లాలోని రోదెఫ్ షాలోం ఉదారవాద పద్ధతి. లండన్‌లో వైద్యం చదివొచ్చిన డాక్టర్ జెరూషా ఝిరాద్ 1925లో ఈ సమాజానికి పునాది వేసింది. అక్కడ ఆడా మగా కలిసి కూర్చుంటారు. నారిమన్ హౌస్ ఖబాద్ అనే సనాతన యూదు సంస్థ వాళ్ళది. 2008 ఉగ్రవాద దాడి తర్వాత 2014లో తిరిగి తెరిచారు. అక్కడ ఉచ్చారణ అష్కెనాజీది, అంటే మధ్య, తూర్పు ఐరోపా యూదులది, శబ్బాత్‌ను షబ్బోస్ అంటారు. ప్రయాణికుల రాకపోకలు ఎక్కువ. ఆదరణ ఉంటుంది, కానీ అది ఇల్లు కాదు, మంచి సత్రం. శుక్రవారం భోజనానికి ముందుగా చెప్పాలి.

రాగాల తేడా కన్నా మన ఇంటికి దగ్గరగా తగిలేది, పులిసిన ధాన్యం ముట్టని పస్కా వారం. అష్కెనాజీ ఆచారంలో ఆ ఎనిమిది రోజులూ బియ్యం, పప్పులు ముట్టరు. సెఫార్దీల్లో చాలామంది బియ్యం తింటారు, ముందే గింజ గింజా చూసి, గోధుమ గింజ కలవకుండా ఏరుకుని. గుంటూరు మనిషికి ఎనిమిది రోజులు అన్నం లేకపోవడం ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. కొత్త సంవత్సరానికి ముందొచ్చే ఏలూలు నెల సంగతి కూడా అడుగు. సెఫార్దీలు ఆ నెల మొదటి నుంచే క్షమాపణ ప్రార్థనలకు వేకువజామున లేస్తారు. అష్కెనాజీలు కొత్త సంవత్సరానికి కొన్ని రోజుల ముందు మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు మాట. నిన్ను పదిమందిలో లెక్కిస్తారా? మందిరం ఎంపికలో మనవాళ్ళకు ఇదే మొదటి ప్రశ్న, మనవాళ్ళు చిట్టచివరికి అడిగేదీ ఇదే. పదమూడు దాటిన మగవాళ్ళు పదిమంది లేకపోతే పోయినవాళ్ళ కోసం చెప్పే కద్దిష్ ప్రార్థన చెప్పరు, తోరా చుట్ట తీసి చదవరు. మన తెలుగు యూదులను, అంటే బెనే ఎఫ్రాయిములను, ఇజ్రాయేల్ ప్రధాన రబ్బీలు ఇప్పటిదాకా గుర్తించలేదు. మన వంశం మీద మనకు సందేహం లేకపోవచ్చు, అవతలివాళ్ళకు ఉండొచ్చు. అది అవమానమని ముఖం ముడుచుకోకు. ఒకప్పుడు బాగ్దాదీలు బెనే ఇజ్రాయేలీలనే తమ పదిమందిలో లెక్కించడానికి వెనకాడారు. ఇజ్రాయేల్ వెళ్ళాక పెళ్ళిళ్ళ దగ్గర రబ్బీలు అభ్యంతరం పెడితే బెనే ఇజ్రాయేలీలు పోరాడారు. 1964లో అక్కడి పార్లమెంటు వాళ్ళు అన్ని విధాలా యూదులేనని తీర్మానించాల్సి వచ్చింది. ఆ దెబ్బ గుర్తున్న పెద్దవాళ్ళు నీ మాట ఓపిగ్గానే వింటారు.

ఎలా అడగాలి? వెళ్ళిన మొదటి రోజు కాదు, మూడో నెల వరకూ ఆగడమూ కాదు. రెండోసారి వెళ్ళొచ్చాక, ఆదివారం రోజు, ఖజాన్‌కు ఫోను చేసి విడిగా అడుగు. నాలుగు ముక్కలుగా అడుగు: పదిమందిలో లెక్కిస్తారా, తోరా చదువుకు పైకి పిలుస్తారా, పిల్లల పెళ్ళి మీ దగ్గర జరుగుతుందా, చనిపోతే మీ శ్మశానంలో చోటుంటుందా. ఒక్కో దానికి జవాబు వేరుగా ఉండొచ్చు. మొదటి దానికి అవును, మూడో దానికి కాదు అనే చోట్లుంటాయి. ఈ నాలుగూ తెలియకుండా అయిదేళ్ళు కూర్చుని, పెళ్ళి నాడు తెలుసుకుంటే మనసు విరుగుతుంది. రబ్బీల ధర్మసభ ముందు యూదు మతంలోకి మార్పిడి చేసుకోమని సలహా ఇస్తే, ఏ పద్ధతి ధర్మసభ అని అడుగు. ఉదారవాదుల మార్పిడి సనాతన మందిరాల్లో చెల్లదు. జవాబు ‘లెక్కించం, కానీ రండి’ అయితే ఏం చేయాలన్నది నీ ఇష్టం. నా మాటకైతే, మర్యాదగా ముఖం మీద చెప్పిన చోటు, నవ్వుతూ దాటేసిన చోటు కన్నా మేలు.

ఒక్కో మందిరానికి మూడుసార్లు వెళ్ళు: ఒక శుక్రవారం సాయంత్రం, ఒక శనివారం ఉదయం, ఒక సోమవారమో గురువారమో తెల్లవారి తోరా చదివే పూట. వారం మధ్యలో ప్రార్థన జరుగుతుందో లేదో ముందు ఫోను చేసి కనుక్కో, అన్నిచోట్లా పదిమంది దొరకరు. ప్రాయశ్చిత్త దినం నాడు చూసి నిర్ణయించకు, ఆ రోజు ప్రతి మందిరమూ నిండే ఉంటుంది. పండగలు అయిపోయిన మరుసటి వారం వెళ్ళు. బోర్డు మీద రాసిన వేళకు కూర్చుని, పదో మనిషి ఎన్నింటికి వచ్చాడో చూడు. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఫరవాలేదు. పదో మనిషి కోసం ఎవరో ఫోన్లు చేస్తుంటే ఆ చోటుకు నీ అవసరం ఉంది, నిన్ను లెక్కించేవాళ్ళయితే. నలభై మంది ఉన్నచోట నువ్వు రాకపోయినా ఎవరికీ తెలియదు, కానీ పాపకు తోటి పిల్లలు దొరుకుతారు. ఏది ముఖ్యమో కోడలు చెప్పాలి, నువ్వు కాదు. మూడుసార్లూ ఆమె పైగ్యాలరీలోంచి చూసినదేమిటో, అక్కడ ఎవరైనా పుస్తకంలో పేజీ చూపించారో లేదో అడుగు. మగవాళ్ళకు నచ్చి, ఆడవాళ్ళను పలకరించే దిక్కులేని మందిరానికి ఆ కుటుంబం రెండేళ్ళు మించి వెళ్ళదు.

హెబ్రీ చదవడం ఇక్కడుండగానే పూర్తి చేసుకో. అక్షరాలు ఇరవై రెండే, అయిదింటికి పదం చివర వేరే రూపం. రోజుకు రెండు చొప్పున పదకొండు రోజులు, ఆపైన గుణింతపు చుక్కలకు పది రోజులు. తెలుగు లిపిలో రాసుకుని చదవొచ్చు, కానీ ‘హెత్’కు మనకు అక్షరం లేదు. హ అని రాసుకుంటే గొంతు అలవాటు పడదు. ‘త్సాదే’ మాత్రం మనకు తేలిక, చాప, చాలు అనేటప్పుడు పలికే చకారానికి దగ్గరగా ఉంటుంది. తోరా చదువుకు పిలిస్తే నీ హెబ్రీ పేరు, మీ నాన్న హెబ్రీ పేరు అడుగుతారు. అక్కడ నిలబడి ఆలోచించకూడదు. చదువుకు ముందు, తర్వాత చెప్పే రెండు ఆశీర్వచనాలు కంఠతా రావాలి.

పాత అలవాట్లు కొన్ని వదలాలి. బజార్లో దొరికే తెలుగు బైబిలు చేత పట్టుకెళ్ళకు, అందులో కొత్త నిబంధన ఉంటుంది, చూసినవాళ్ళు వేరే అర్థం తీసుకుంటారు. సొంత మాటలతో పైకి ప్రార్థించడం, మధ్యలో స్తోత్రం అనడం అక్కడ లేవు. పుస్తకంలో ఉన్నదే చదవాలి. శనివారం జేబులో డబ్బు, ఫోను, పెన్ను వద్దు. కానుక ఇస్తానని నోటితో చెప్పి వారం మధ్యలో ఇవ్వు. ఇంట్లో వండినది పట్టుకెళ్ళకు, కోయని పళ్ళు తీసుకెళ్ళు. రొయ్యలు, పీతలు, వాలుగ మనకు కుదరవని తెలుసు కదా, అక్కడివాళ్ళకూ కుదరవు. మాంసం కూరలో పాలకు బదులు కొబ్బరిపాలు పోస్తారు, రుచి మనకు కొత్తగా ఉండదు. ద్రాక్షారసం బదులు ఎండుద్రాక్ష నానబెట్టిన షర్బత్ ఇస్తారు. ఎవరింట్లోనైనా మలీదాకు పిలిస్తే తప్పక వెళ్ళు. అటుకులు, కొబ్బరి, తీపి, పళ్ళు పళ్ళెంలో పెట్టి ఏలీయా ప్రవక్తను తలుచుకునే పూజ అది. మందిరంలో ఆరు నెలలకు కలిగే పరిచయం అక్కడ ఒక్క సాయంత్రంలో కలుగుతుంది.

2008 తర్వాత ప్రతిచోటా కాపలా ఉంది. చెప్పకుండా వెళితే గుమ్మంలోనే ఆపుతారు, అది నీ మీద అనుమానం కాదు. నాలుగు రోజుల ముందు ట్రస్టుకు ఉత్తరమో మెయిలో రాయి, మీ ఇద్దరి ఆధార్ నకళ్ళు జత చెయ్యి, అసలువి శుక్రవారం వెళ్ళినప్పుడు వెంట ఉంచుకో. పెద్ద సంచీ వద్దు, లోపల ఫోటోలు అడగకుండా తీయకు.

మన మందిరం నుంచి పరిచయపత్రం రాయించి ఉంచాను, ఇంగ్లీషులో ఒకటి, హెబ్రీలో ఒకటి. ఇద్దరు పెద్దల సంతకాలు పడ్డాయి. పాప హెబ్రీ పేరు ఎలా రాయాలో తేలక ఆ ఒక్క చోటు ఖాళీగా వదిలాం. రాసి పంపితే ఆదివారం పోస్టులో వేస్తాను.

మీ మామయ్య