పాత సైడ్‌వైండర్ మిస్సైల్‌ని శత్రు విమానం వెనక నుంచే ఎందుకు ప్రయోగించాల్సి వచ్చేది?

శత్రు విమానం వేడిని పసిగట్టి వెంటాడే ఆ మిస్సైల్ సెన్సర్‌కి బాగా కాలే ఇంజిన్ గొట్టం తప్ప దాదాపు ఇంకేదీ ఆనేది కాదు, ఆ గొట్టం ఉండేది తోక వైపు.

1956లో అమెరికా నేవీలో చేరిన ఏఐఎం-9బి అనే తొలినాటి సైడ్‌వైండర్‌లో లెడ్ సల్ఫైడ్ సెన్సర్‌ని చల్లబరిచే ఏర్పాటు లేదు. సెన్సర్ తానే వెచ్చగా ఉంటే, ఆ వేడి పుట్టించే నాయిస్‌లో, అంటే అడ్డదిడ్డమైన సిగ్నళ్ల గోలలో, దూరపు బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది. పైగా అది సూర్యుణ్ణి, ఎండకి మెరిసే మేఘాల్ని చూసి దారి తప్పేది. 1970లలో వచ్చిన 9ఎల్ అనే కొత్త రకంలో ఇండియం యాంటిమొనైడ్ సెన్సర్ పెట్టి, ఆర్గాన్ వాయువుతో చల్లబరిచారు. దాంతో ఇంజిన్ వదిలే వేడి వాయువులు, గాలి రాపిడికి వేడెక్కిన విమానం ఒళ్లు కూడా దానికి దొరికాయి. అంటే ఎదురుగా వచ్చే విమానాన్నీ కొట్టొచ్చు.

1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సీ హారియర్ యుద్ధ విమానాలు వాడింది ఈ 9ఎల్‌నే. అయితే అక్కడ అర్జెంటీనా విమానాలను ఎదురెదురుగా కూల్చేశారని చాలామంది అనుకుంటారు. అది అపోహ. దాదాపు అన్నీ వెనక నుంచి వదిలినవే. అక్కడ ఎక్కువగా అక్కరకొచ్చింది సెన్సర్ సున్నితత్వం, గురి నమ్మకంగా కుదరడం.