ఎల్‌కే-99: రాయి తేలలేదు గానీ లోకం తేలిపోయింది

గది ఉష్ణోగ్రత దగ్గరే పనిచేసే అతివాహకం, అంటే సూపర్‌కండక్టర్, ఎల్‌కే-99 పేరుతో దొరికిందని 2023లో ఇంటర్నెట్ అంతా హోరెత్తింది కదా, భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్లు అప్పుడు నిజంగా నమ్మారా, మళ్లీ అలాంటి వార్త వస్తే దాన్ని ఎలా చూడాలి అని మీరు అడిగారు. నేను తెలంగాణలో ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం బోధిస్తాను. నేనైతే నమ్మలేదు, కానీ నమ్మనివాడు చూడకూడదన్న నియమం ఏమీ లేదు కాబట్టి అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ వీడియోలన్నీ చూశాను. ఆ వ్యవహారంలో నాకు ఆ ప్రకటన చేసిన కొరియా శాస్త్రవేత్తల మీద పెద్దగా కోపం లేదు. ఇంట్లో, గ్యారేజీలో కొలిమి వెలిగించి ఆ పదార్థాన్ని తయారు చేయబోయినవాళ్ల మీద అభిమానమే ఉంది. నిరోధం ఎంతో ఎవరూ సరిగ్గా కొలవకముందే బుల్లెట్ రైళ్లను గాలిలో నడిపించేసిన మన వార్తాకథనాలను తలచుకుంటే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

ముందు అసలు విషయం. అతివాహకానికి రెండు లక్షణాలు ఉండాలి. ఒకటి, విద్యుత్ నిరోధం పూర్తిగా సున్నా కావడం. రెండు, అయస్కాంత క్షేత్రాన్ని తన లోపలి నుంచి బయటికి నెట్టివేయడం, దీన్నే మైస్నర్ ప్రభావం అంటారు, అతివాహకం మీద అయస్కాంతం తేలేది దీనివల్లే. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచినప్పుడు మొదటి లక్షణం బయటపడింది. ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ యంత్రాలకు ఖరీదైన ద్రవ హీలియం పోయవలసి రావడం ఈ చలి కారణంగానే. 1987లో ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక పింగాణీ లాంటి పదార్థం మైనస్ 180 దగ్గరే అతివాహకమవుతుందని తేలడంతో, చౌకగా దొరికే ద్రవ నైట్రోజన్ సరిపోతుందని ప్రపంచం పండగ చేసుకుంది. అయితే ఆ పదార్థం పెళుసు. దాన్ని వంగే పట్టీగా మార్చి పనికి పెట్టడానికి దశాబ్దాలు పట్టింది. ఈ చివరి వాక్యాన్ని 2023లో ఏ వార్తలోనూ చూసిన గుర్తు లేదు.

ఆ ఏడాది జులై 22న, సోల్ నగరంలోని క్వాంటమ్ ఎనర్జీ రీసెర్చ్ సెంటర్ అనే చిన్న సంస్థకు చెందిన లీ సుక్-బే, కిమ్ జీ-హూన్ బృందం పేరుతో ఆర్కైవ్‌లో, అంటే ఇతర నిపుణులు పరిశీలించకముందే పరిశోధన పత్రాలు పెట్టుకునే వెబ్‌సైట్‌లో, ముసాయిదా పత్రాలు వెలువడ్డాయి. లీ, కిమ్ పేర్ల మొదటి అక్షరాలకు ఆ పదార్థాన్ని తొలిసారి చూశామని చెప్పుకున్న 1999 సంవత్సరాన్ని చేర్చి దానికి ఎల్‌కే-99 అని పేరు పెట్టారు. అది సాధారణ వాతావరణ పీడనం వద్ద, 127 డిగ్రీల వరకూ అతివాహకంగానే ఉంటుందని వాళ్ల వాదన. అంటే మే నెలలో రామగుండం ఎండలో పడేసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదన్నమాట. ఈ ఆవిష్కరణ మానవాళికి కొత్త యుగాన్ని తెరుస్తుందని కూడా పత్రంలోనే రాసుకున్నారు. సాధారణంగా ఆ మాట ఇతరులు అనాలి, అదీ ఓ ఇరవై ఏళ్ల తర్వాత.

నాకు మొదటి అనుమానం తెచ్చింది మాత్రం భౌతికశాస్త్రం కాదు, రచయితల జాబితా. మొదట వచ్చిన పత్రంలో ముగ్గురి పేర్లు ఉన్నాయి. రెండు మూడు గంటల తేడాతో వచ్చిన రెండో పత్రంలో ఆరుగురి పేర్లు ఉన్నాయి. ఒక నోబెల్ బహుమతిని ముగ్గురికి మించి పంచరని తెలిసిన వాళ్లందరూ ఆ రోజు ముసిముసిగా నవ్వుకున్నారు. మొదటి పత్రాన్ని తమ అనుమతి లేకుండా పెట్టేశారని బృందంలోని వాళ్లే తర్వాత అన్నారు. ఇంట్లో వాటాల పంచాయితీ తెగకముందే ఊరికి పెళ్లి శుభలేఖలు అందాయి.

తయారీ విధానాన్ని మాత్రం దాచకుండా ఇచ్చారు, అది వాళ్ల గొప్పతనమే. సీసం ఆక్సైడ్, సీసం సల్ఫేట్ పొడులను కలిపి 725 డిగ్రీల దగ్గర ఒక రోజు కాల్చాలి. రాగినీ, భాస్వరాన్నీ 550 దగ్గర రెండు రోజులు కాల్చాలి. ఆ రెండింటినీ కలిపి గాలి తీసేసిన గొట్టంలో మూసి 925 దగ్గర మళ్లీ కాల్చాలి. ఇంత తేలికగా కనిపించేసరికి కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు కొలిమి ముందు కెమెరా పెట్టి ప్రత్యక్ష ప్రసారం చేశాడు, ఎర్రగా కాలుతున్న గొట్టాన్ని వేలమంది కళ్లార్పకుండా చూశారు. మా ఫైనలియర్ పిల్లలు కూడా "సార్, మనమూ చేద్దాం" అని వెంటపడ్డారు. కెమిస్ట్రీ వాళ్ల మఫిల్ ఫర్నేస్ 900 దాటితే బ్లాకంతా కరెంటు పోతుందనీ, సీసం, భాస్వరం ఆవిర్లతో ఆటలు వద్దనీ చెప్పి ఆపాను. దానికి బదులు నిజమైన అతివాహకం ఎలా ప్రవర్తిస్తుందో చూపిస్తానని మాట ఇచ్చాను.

దానికి ద్రవ నైట్రోజన్ కావాలి. మా జిల్లాలో అది సులభంగా దొరికేది పశుసంవర్ధక శాఖ దగ్గరే, ఎందుకంటే మేలు జాతి పశువుల వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల దగ్గర నిల్వ చేసే క్యాన్లు అక్కడ ఉంటాయి. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు బండి మీద ఊరూరా తీసుకుపోయే ఆ చిన్న క్యానులోంచే మాకు కాస్త పోసి ఇచ్చారు. పాడి అభివృద్ధికి కేటాయించిన ద్రవం భౌతికశాస్త్ర అభివృద్ధికి వాడుతున్నామని తెలిసి అక్కడి డాక్టరు గారు "ఏ జాతి సార్?" అని అడిగారు.

థర్మకోల్ కప్పులో, పైన చెప్పిన ఇట్రియం పదార్థంతో చేసిన, పది రూపాయల బిళ్లంత నల్లటి బిళ్లను పెట్టి నైట్రోజన్ పోస్తే ముందు కుతకుతమని ఉడుకుతుంది, తెల్లటి పొగ బల్ల మీదుగా జారి నేలకు దిగుతుంది. ఉడుకు తగ్గి ద్రవం నిమ్మళించిందంటే బిళ్ల చల్లబడిందని అర్థం. అప్పుడు ప్లాస్టిక్ పటకారుతో చిన్న అయస్కాంతాన్ని దాని మీదికి తెచ్చి వదిలితే అది కిందికి దిగదు, పక్కకు ఒరగదు, బిళ్లకూ దానికీ మధ్య కాగితం దూర్చి అటూ ఇటూ జరిపినా కదలదు. వేలితో తడితే బొంగరంలా తిరుగుతూ అక్కడే ఉంటుంది. ద్రవం ఆవిరైపోయి బిళ్ల వేడెక్కిన తర్వాత మెల్లగా దిగి కూర్చుంటుంది. వెనక బెంచీలో ఉన్నవాళ్లు కూడా ఆ రోజు ముందుకొచ్చారు, మా కాలేజీ చరిత్రలో అదొక విశేషం.

ఆ తర్వాత కొరియా వాళ్ల వీడియో పెట్టాను. నల్లటి చిన్న పెంకు ఒకటి అయస్కాంతం మీద లేచి ఉంది, కానీ దాని ఒక అంచు ఎప్పుడూ అయస్కాంతాన్ని ఆనుకునే ఉంది. "సార్, ఒంటికాలి మీద నిలబడిందేంటి?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ఒక్క ప్రశ్నలోనే సగం సమాధానం ఉంది. ఇనుము మాదిరిగా అయస్కాంతానికి లొంగే పదార్థం కొంచెం కలిసిన పలుచటి ముక్క, దాని ఆకారం అనుకూలిస్తే, ఒక అంచు ఆనించి ఇలాగే నిటారుగా లేస్తుంది. పెకింగ్ విశ్వవిద్యాలయం బృందం తాము తయారుచేసిన నమూనాల్లో సరిగ్గా ఇదే జరుగుతోందని ఆగస్టులో చూపించింది. పోనీ పూర్తిగా తేలినా అతివాహకమని ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒక రకం గ్రాఫైట్ రేకు బలమైన అయస్కాంతాల మీద గది ఉష్ణోగ్రత దగ్గరే నిక్షేపంగా తేలుతుంది, దానికి నోబెల్ ఎవరూ అడగలేదు.

ఇక నిరోధం సంగతి. ఎల్‌కే-99 నిరోధం 104 డిగ్రీల ప్రాంతంలో ఒక్కసారిగా పడిపోయినట్టు వాళ్ల గ్రాఫు గీతల్లో కనిపించింది. ఆ సంఖ్య చూడగానే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రశాంత్ జైన్ అనే రసాయన శాస్త్రవేత్తకు పాత పరిచయస్తుడు ఎదురైనట్టయింది, ఎందుకంటే రాగి సల్ఫైడ్ తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకునేది ఆ ఉష్ణోగ్రత దగ్గరే. తయారీలో వాడిన సీసం సల్ఫేట్‌లోని గంధకం రాగితో కలిసి రాగి సల్ఫైడ్ మలినంగా మిగిలింది. నిరోధం పడిపోవడం దాని నిర్వాకం. బీజింగ్‌లోని భౌతికశాస్త్ర సంస్థ దాన్ని కొలిచి చూపించింది. జర్మనీలోని స్టట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు గంధకం జోలికి పోకుండా స్వచ్ఛమైన స్ఫటికాలు పెంచితే అవి ఊదారంగులో, పారదర్శకంగా, లక్షల ఓమ్‌ల నిరోధంతో వచ్చాయి. అతివాహకం అనుకున్నది అసలు విద్యుత్తునే పోనివ్వని బంధకమని తేలింది. కాగితం మీద ప్రకటన వచ్చిన నెల తిరగకముందే ఇదంతా పూర్తయింది. మామూలుగా సంవత్సరాలు పట్టే పరీక్ష ఇంత బహిరంగంగా, ఇన్ని దేశాల్లో ఒకేసారి జరగడం నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన మంచి సంఘటనల్లో ఒకటి.

ఈ మూడు వారాల్లోనూ మా బావమరిది రోజూ ఫోన్ చేశాడు. కొరియా స్టాక్ మార్కెట్లో అతివాహకాలతో ఏదో ఒక సంబంధం ఉందనిపించిన కంపెనీల షేర్లన్నీ ఎగబాకుతున్నాయని వాడు ఎక్కడో చదివాడు. "బావా, ఇక తీగలకు రాగి అక్కర్లేదు కదా, రాగి కంపెనీల షేర్లు అమ్మేయమంటావా?" అని అడిగాడు. "ఆ రాయిలోనూ రాగి ఉందిరా" అంటే, "అయితే కొనమంటావా?" అన్నాడు. శాస్త్రవార్తను షేర్ మార్కెట్ ఏ తర్కంతో చదువుతుందో నాకు ఆ సంభాషణలో అర్థమైనంత స్పష్టంగా ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు.

మన దేశం పాత్ర గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఇక్కడ చెబుతాను. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో, అంటే దేశానికి ప్రామాణిక సమయం ఇచ్చే సంస్థలో, వి.పి.ఎస్. ఆవానా బృందం అందరికంటే ముందు ఈ పదార్థాన్ని తయారుచేసినవాళ్లలో ఒకటి. తమ నమూనా అయస్కాంతం మీద తేలలేదనీ, అతివాహకత కనిపించలేదనీ జులై నెలాఖరుకే పత్రం పెట్టారు. బుల్లెట్ రైలు బొమ్మలతో అరగంట కార్యక్రమం చేసిన ఛానళ్లకు దీని కోసం కింద పరుగెత్తే అక్షరాల పట్టీలో కూడా చోటు దొరకలేదు. దొరకలేదన్న వార్తకు రేటింగు రాదు, నాకు తెలుసు. అయినా ఆ బృందానికి ఒక టీ అయినా బాకీ ఉన్నామని నా ఉద్దేశం.

మనవాళ్లకు ఇలాంటి అనుభవం కొత్త కూడా కాదు. 2018 జులైలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు బంగారంలో పొదిగిన వెండి నానోకణాలు మైనస్ 37 డిగ్రీల దగ్గర అతివాహకత చూపాయని ప్రకటించారు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన రెండు గీతల్లో నాయిస్, అంటే కొలతలో తప్పనిసరిగా వచ్చే అడ్డదిడ్డపు కదలికలు, ఒకేలా ఉన్నాయని అప్పట్లో అమెరికాలోని ఎమ్‌ఐటీలో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త బ్రయన్ స్కిన్నర్ పట్టుకున్నాడు. రెండు వేర్వేరు రోజుల్లో వేయించిన అప్పడాల మీద బుడగలన్నీ అవే చోట్ల లేచాయంటే ఎంత నమ్మగలమో ఇదీ అంతే. ఆ పైన ఒక ప్రసిద్ధ శాస్త్రవేత్త పేరుతో ఎవరో దొంగ ఈమెయిళ్లు కూడా నడిపి కథను అపరాధ పరిశోధన నవల స్థాయికి తీసుకుపోయారు.

కాబట్టి మళ్లీ ఇలాంటి వార్త వస్తే నేను చూసేది శీర్షికను కాదు. నమూనాను వేరేవాళ్ల చేతికి ఇచ్చారా లేదా అన్నదే నాకు మొదటి ప్రశ్న. ప్రయోగ వివరాలు ఉన్నాయా, నిరోధం సున్నా అని రాసిన గీతలో నిలువు అక్షం మీద కొలత ఎంత చిన్నదాకా వెళ్లింది, మైస్నర్ ప్రభావాన్ని విడిగా కొలిచారా అన్నవి ఆ తర్వాత. పేరున్న పత్రికలో వచ్చిందా అన్నదానికి నేను ఇప్పుడు అంత విలువ ఇవ్వడం లేదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రంగా డయాస్ బృందం 2020లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి నేచర్ పత్రికలోనే గది ఉష్ణోగ్రత అతివాహకాన్ని ప్రకటించింది, ఆ రెండు వ్యాసాలనూ పత్రిక వెనక్కి తీసుకుంది. అలా చూస్తే తయారీ విధానాన్ని బయటపెట్టి అందరి చేతా పరీక్ష చేయించుకున్న ఎల్‌కే-99 ఎంతో నయం.

కొరియా బృందంలోని వాళ్లు ఇంకా ఓటమి ఒప్పుకోలేదు. 2024 మార్చిలో మినియాపోలిస్‌లో జరిగిన అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశంలో పీసీపీఓఎస్‌ఓఎస్ అనే కొత్త పదార్థాన్ని వినిపించారు. పేరులో కనిపించే ఎస్ అక్షరం గంధకానిది. పోయినసారి తమ పుట్టి ముంచిన మలినాన్ని ఈసారి మర్యాదగా ఫార్ములాలోనే కూర్చోబెట్టారు. ఈ వార్తను మా బావమరిదికి నేను పంపలేదు.