యాప్ రేటింగ్ ఒక్కసారిగా పడిపోయింది. రివ్యూలు చూసి యూజర్లు ఏమనుకుంటున్నారో చెప్పగలమా?

మీరు అడిగినవి రెండు: ప్లే స్టోర్ రివ్యూలను ఎంతవరకు నమ్మొచ్చు, వాటిని పొగడ్తలు, ఫిర్యాదులుగా విడదీయడానికి నెలనెలా డబ్బు కట్టి టూల్ తీసుకోవాలా. రెండోదానికి ముందే చెప్పేస్తాను: ఇప్పుడే వద్దు. మొదటిదానికి కొంచెం కథ ఉంది.

కిరాణా షాపులకు ఖాతా పుస్తకం లాంటి యాప్ చేసే ఒక చిన్న కంపెనీలో నాలుగేళ్లు పనిచేశాను. అరువు రాసుకోవడం, బాకీ ఉన్నవాళ్లకు గుర్తుచేస్తూ మెసేజ్ పంపడం, అంతే దాని పని. ఒక అప్‌డేట్ ఇచ్చాక రెండు వారాల్లో రేటింగ్ 4.3 నుంచి 3.9కి జారింది. ఆఫీసులో ఒకటే టెన్షన్. కొత్త డిజైన్ జనానికి నచ్చలేదని మేనేజర్ తేల్చేసి, పాతదానికి వెళ్లిపోదామని మీటింగ్ పెట్టారు. అప్పటికే కొన్న టూల్ 'నెగెటివ్ పెరిగింది' అని ఎర్ర గీత చూపిస్తోంది. ఎందుకు పెరిగిందో మాత్రం చెప్పదు.

ఒక శనివారం నేనూ, కస్టమర్ కేర్ అమ్మాయీ కూర్చుని, ఆ రెండు వారాల్లో వచ్చిన ఒకటి, రెండు స్టార్ల రివ్యూలు దాదాపు మూడు వందలు షీట్‌లో వేసుకుని ఒక్కొక్కటే చదివాం. యాభై దాటేసరికి విషయం అర్థమైంది. "డబ్బు కట్టి నెలయింది, ఇంకా బాకీ అని మెసేజ్ పంపుతారా? ఇంట్లో పరువు తీస్తున్నారు." "రోజూ పొద్దున్నే ఇదే మెసేజ్." ఇవి రాసింది మా షాపులవాళ్లు కాదు, వాళ్ల దగ్గర ఖాతా ఉన్నవాళ్లు! కొత్త అప్‌డేట్‌లో మెసేజ్ కింద యాప్ లింకు పెట్టాం. వాళ్లు అది నొక్కి, ఇన్‌స్టాల్ చేసి, ఒక స్టార్ కొట్టి, తీసేసి వెళ్లిపోయారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. డిజైన్ ఊసెత్తినవాళ్లు మొత్తం మీద పదకొండు మంది.

కోపం ఎవరి మీదో, స్టార్ పడేది ఎవరికో ఒక్కోసారి సంబంధమే ఉండదు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ సీఈఓ మన దేశాన్ని పేద దేశమన్నాడని వార్త వచ్చింది. కంపెనీ కాదంది, అయినా జనం ఆ యాప్‌కి ఒక స్టార్లు కొట్టడం ఆపలేదు. అందులో కొందరు పేరు చూసి పొరబడి, ఏ పాపం ఎరగని స్నాప్‌డీల్ అనే షాపింగ్ యాప్‌కి కూడా కొట్టారు. అందుకే రివ్యూ చూడగానే 'వీళ్లేమంటున్నారు' అని కాదు, 'అసలు వీళ్లెవరు' అని నేను ముందు అడుగుతాను.

ఇక మా టూల్ ఎందుకు పనికిరాలేదంటే, తెలుగు దానికి అంతుబట్టలేదు. 'బాగా' అనే మాట మనం మెచ్చుకోడానికీ వాడతాం, తిట్టడానికీ వాడతాం. 'బాగా పనిచేస్తోంది' అన్నా, 'బాగా సతాయిస్తోంది' అన్నా అది రెండింటినీ పొగడ్తల్లోనే వేసింది. పైగా మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడతారు. 'రావట్లేదు' అన్న ఒక్క మాట మా షీట్‌లో తొమ్మిది స్పెల్లింగుల్లో కనిపించింది. వరంగల్ వైపు షాపతను ఉద్దెర అంటాడు, గుంటూరు వైపు అతను అరువు అంటాడు. ఇద్దరిదీ ఒకటే గోడు, టూల్ లెక్కలో మాత్రం రెండు. ఇప్పటి ఏఐ మోడళ్లు ఇంతకంటే చాలా నయం. అయినా ముందు మీరు ఒక 200 రివ్యూలు చేత్తో విడదీసి పెట్టుకోండి. ఏ టూల్ వచ్చినా వాటి మీద నడిపించి, ఎన్ని తప్పిందో చూశాకే డబ్బు కట్టండి.

ఐదు స్టార్లనూ వదలకండి. "ఐదు ఇస్తేనే చదువుతారని ఇస్తున్నా, బ్యాకప్ పోయింది, రెండేళ్ల లెక్కలు పోయాయి" అని ఒకాయన రాశారు. మాకు ఆ నెలలో వచ్చిన అతి పెద్ద ఫిర్యాదు అదే, సగటు లెక్కలో మాత్రం అది పొగడ్త.

పనిలో ఉపయోగపడే సంగతులు కొన్ని. ప్లే స్టోర్ ఏపీఐ (రివ్యూలను మన ప్రోగ్రామ్‌లోకి నేరుగా తెచ్చుకునే దారి) గత వారం రోజుల్లో రాసినవో, మార్చినవో మాత్రమే ఇస్తుంది కాబట్టి వారం తప్పకుండా తీసి దాచుకోండి. పాతవి కావాలంటే ప్లే కన్సోల్‌లో (యాప్ చేసేవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సైట్) నెలవారీ ఫైళ్లు దొరుకుతాయి. ప్రతి రివ్యూ పక్కన తేదీ, యాప్ వెర్షన్, ఫోన్ మోడల్ ఉంచుకోండి, సగం గుట్టు అక్కడే విడిపోతుంది. 2019 నుంచి గూగుల్ రేటింగ్‌లో ఇటీవలి వాటికే ఎక్కువ బరువు ఇస్తోంది. అందుకే మీది అంత తొందరగా పడింది, బాగుచేస్తే లేవడమూ తొందరగానే ఉంటుంది.

రివ్యూల్లో అసలు కనపడనివాళ్లు కూడా ఉంటారు. మా యాప్‌ని రోజంతా వాడే యాభై ఏళ్ల షాపు యజమానులు ఒక్క అక్షరం రాసేవాళ్లు కాదు. నచ్చకపోతే మళ్లీ నోటుపుస్తకం తీసేవాళ్లు, అంతే. వాళ్ల మాట కోసం నెలకు ఇరవై మందికి ఫోన్ చేయాల్సి వచ్చేది.

మేము చివరికి మెసేజ్‌ని వారానికొకటి చేసి, షాపతను జమ వేయగానే ఆగిపోయేలా మార్చాం. కోపంగా రాసినవాళ్లందరికీ జవాబులిచ్చాం (350 అక్షరాలే ఇస్తారు, సూటిగా రాయండి). కొందరు రివ్యూ మార్చారు. ఒకాయన ఒకటి తీసి నాలుగు స్టార్లు పెట్టి ఇలా రాశారు: "ఇప్పుడు వారానికొకటే వస్తోంది, పర్లేదు. బాకీ వచ్చే నెల కడతా."